ఎనభై ఒకటి పక్కన ఒక ఎ

పళ్ల డాక్టరు ఇల్లెక్కడ అని అడిగితే ఆ వీధిలో ఎవరైనా దారి చూపిస్తారు. కొత్తగా వచ్చినవాళ్లు దవడ వాచిపోయి, చెంప పట్టుకుని, నిజంగానే ఆ తలుపు తట్టిన సందర్భాలు రెండున్నాయి. ఆయన చూసేది మనుషుల పళ్లు కాదు, ఇనప చక్రాల పళ్లు. నలభై ఏళ్లు ఒకే షెడ్డులో, ఒకే మిల్లింగ్ మిషను ముందు నిలబడి గుండ్రటి ఇనప బిళ్లలకి పళ్లు కోశాడు. ఆయన సొంత నోట్లో ముందు పన్ను ఊడి పదేళ్లయింది. ఊళ్లో చక్రాలన్నిటికీ పళ్లు పెడతారు గానీ తమ నోటి సంగతి పట్టించుకోవడానికి తీరిక లేదని ఆయన భార్య వచ్చినవాళ్లందరి దగ్గరా దెప్పేది. ఆయన నవ్వేవాడు. నవ్వినప్పుడు ఆ ఖాళీ ఇంకా బాగా కనిపించేది.

ఆయన తమ్ముడి కూతురికి ఇంట్లో పెట్టుకున్న పేరు వేరే ఉంది. అయినా ఏడో ఏట నుంచి అందరూ పిలిచేది ‘ఎందుకు’ అనే. ఆ పేరు పెట్టింది పెదనాన్నే. ఆ ఏడాది సెలవుల్లో రోజూ మధ్యాహ్నం ఆయనకి అన్నం క్యారేజీ అందించడానికి షెడ్డుకి వెళ్లేది. ఇచ్చి వచ్చేయమని చెప్పి పంపితే సాయంత్రం దాకా వచ్చేది కాదు. అక్కడ నూనె వాసన, సన్నగా చుట్టలు చుట్టుకుని రాలే ఇనప రజను, గోడకి వేలాడదీసిన చక్రాలు. ఒకరోజు, ఒకదానికొకటి పట్టుకుని తిరిగే రెండు చక్రాల పళ్లు లెక్కపెట్టి, చిన్నదానికి ఇరవై నాలుగుంటే పెద్దదానికి ముప్పై ఏడేంటి, చక్కగా ముప్పై ఆరు పెట్టొచ్చుగా, ఎందుకు అని అడిగింది.

ముప్పై ఆరు పెడితే చిన్నదాంట్లో ఒక్కో పన్నుకీ ఎప్పుడూ ఆ మూడు పళ్లతోనే తగువని ఆయన చెప్పాడు. అవే అవే రాసుకుని అరిగిపోతాయి. ఒక్క పన్ను పెంచి ముప్పై ఏడు చేస్తే ప్రతిదీ అన్నిటినీ వంతుల వారీగా కలుస్తుంది, అరుగుదల అందరికీ పంచినట్టుంటుంది. మీ పెద్దమ్మకి నేనొక్కణ్నే కాకుండా ఇంకో ముప్పై ఆరుగురు దొరికితే నేనూ ఇంత అరిగేవాణ్ని కాదు అని కూడా అన్నాడు. పిల్ల నవ్వలేదు. ఒక్కటి పెంచితే అందరూ అందరినీ ఎందుకు కలుస్తారని అడిగింది.

ఆయన కట్టర్ ఆపాడు.

“అది నాకు తెలియదమ్మా. కలుస్తారని తెలుసు, అంతే.”

పెద్దవాళ్ల నోట తెలియదు అనే మాట ఆ పిల్ల వినడం అదే మొదటిసారి. ఇంట్లో అయితే నోర్మూసుకో అనేవాళ్లు, బళ్లో అయితే కూర్చో అనేవాళ్లు. ఆ ఒక్క మాటతో పెదనాన్న ఆమెకి లోకంలో అందరికంటే పెద్దవాడైపోయాడు.

అలాంటి పిల్ల డిగ్రీలో లెక్కలు తీసుకోవడంలో వింతేమీ లేదు. మూడో సంవత్సరంలో సంఖ్యా సిద్ధాంతం అనే పేపరు వచ్చింది. అదేంటని పెద్దమ్మ అడిగితే అంకెల గురించి చదవడం అని చెప్పింది. అయితే పేరులో ఏ అక్షరం కలిపితే మీ పెదనాన్నకి బుద్ధొస్తుందో కాస్త చూడమని పెద్దమ్మ కోరింది. ఆ అంకెలు వేరు, ఈ అంకెలు వేరు అని నచ్చజెప్పేసరికి పిల్ల తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ పేపరు మీద ఆమె ఎంత ఆశ పెట్టుకుందో అంత చెడింది. లెక్చరర్ చెడ్డవాడేం కాదు. సిలబస్ తరుముతుంటే పరిగెత్తేవాడు. బోర్డు మీద సూత్రం, కింద పద్ధతి, దాని కింద పరీక్షలో వచ్చే నమూనా. ఈమె చెయ్యెత్తి ఎందుకు అనేది. ఒకసారి చెప్పాడు, రెండుసార్లు చెప్పాడు, మూడోసారి విసుగొచ్చి, ఎందుకని పరీక్షలో అడగరు, ఎంత అని అడుగుతారు అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఆమె చెయ్యెత్తడం మానేసింది. అర్థం కానిదాన్ని బట్టీ పట్టడం చేతకాలేదు, అడగడానికి మనసొప్పలేదు, మార్కులు రెండుసార్లు వరసగా సున్నాకి దగ్గర్లో వచ్చాయి. తనది లెక్కల బుర్ర కాదని ఆమెకి గట్టిగా అనిపించింది. లెక్కలు వదిలేసి కంప్యూటర్ కోర్సులోకి మారడానికి ఫారం తెచ్చుకుంది. వాళ్ల నాన్న రెండు రోజులు గొణిగి సంతకం పెట్టాడు. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా కాలేజీ ఆఫీసులో ఇచ్చేస్తే అయిపోతుంది. ఈ సంగతి పెదనాన్నకి మాత్రం చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు.

దానికి పదిహేను రోజుల ముందే ఆయన కంటికి ఆపరేషన్ అయింది. ఎలాగూ పని మానే వయసే. రెండు నెలలు చదవకూడదు, దుమ్ములోకి వెళ్లకూడదు అన్నారు. ఆయన స్థానంలో ఓనరు ఒకావిడని పెట్టాడు. ముప్పై ఏళ్లుంటాయి, ఇంకో షెడ్డులో లేత్ మిషను మీద పని చేసి వచ్చింది, చెయ్యి స్థిరంగా ఉంటుంది. అందరూ ఆవిడని మిల్లింగావిడ అనేవాళ్లు. ఆవిడకి ఆయన అప్పగించాల్సింది ఒక్కటే, తన పుస్తకం. నలభై ఏళ్ల మరకలు పట్టి, పెన్సిలు రాతలు చెరిగిపోయి, ఆయనకి తప్ప ఇంకొకరికి చదవడం కష్టమయ్యేలా ఉంది. తమ్ముడి కూతుర్ని పిలిచి, నీకు అంకెలంటే భయం లేదు, చక్కటి దస్తూరీ, కొత్త నోటుబుక్కులోకి ఎత్తిపెట్టమ్మా అన్నాడు. అంకెలంటే ఎంత భయం పట్టుకుందో ఆమె చెప్పలేదు. సరేనంది.

పుస్తకం అర్థం కావాలంటే ఆయన మిషను గురించి కొంచెం తెలియాలి. మిషను పక్కన ఒక హ్యాండిల్ ఉంటుంది. దాన్ని నలభై చుట్లు తిప్పితే లోపల బిగించిన ఇనప బిళ్ల ఒక్క చుట్టు తిరుగుతుంది. నలభై పళ్లు కావాలంటే పన్నుకొక చుట్టు. ఇరవై కావాలంటే పన్నుకి రెండు చుట్లు. యాభై ఒక్క పళ్లు కావాలంటే మాత్రం చుట్టులో కొంతే, సరిగ్గా యాభై ఒకటో వంతులు నలభై, తిప్పి ఆపాలి. అక్కడ ఆపడానికని హ్యాండిల్ వెనక రంధ్రాల ప్లేటు బిగిస్తారు. వరసకిన్ని అని గుండ్రంగా రంధ్రాలుంటాయి, పదిహేడు ఒక వరస, పద్దెనిమిది ఒక వరస, అలా. వాళ్ల షెడ్డులో ఉన్నవి మూడు ప్లేట్లు. నలభై తొమ్మిది దాటిన వరస ఏ ప్లేటులోనూ లేదు.

మరి యాభై ఒకటి ఎలా? పదిహేడు వరసలో రెండు రంధ్రాలు తిప్పి, ఆపైన అదే ప్లేటులో పద్దెనిమిది వరసలో పన్నెండు తిప్పితే సరిగ్గా కుదురుతుంది. ఎవరూ నేర్పలేదు, ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి వందల సార్లు ప్రయత్నించి పట్టుకున్నాడు. అలా రెండు వరసలు కలిపితే లొంగే సంఖ్యలకి ఆయన పెట్టిన పేరు ‘మెత్తవి’. ఏం చేసినా లొంగనివి ‘మొండివి’. మొండిది వస్తే ఆ పని ఒప్పుకోకూడదు, పెద్ద ఫ్యాక్టరీకి పంపేయాలి. నూరు లోపల మొండివాటి జాబితా ఒక పేజీ నిండా పెద్ద అంకెలతో రాసి ఉంది: 53, 59, 61, 67, 71, 73, 79, 81, 83, 89, 97.

‘ఎందుకు’ ఆ పేజీ చూసి పెన్ను కిందపెట్టింది. ఇవి ప్రధాన సంఖ్యలు. ఒకటి, తాము తప్ప ఇంకే సంఖ్య చేతా భాగింపబడనివి, క్లాసులో లెక్చరర్ బోర్డు నిండా రాసినవి. ఆ మాటే వినని మనిషి ఇనుము కోసుకుంటూ కోసుకుంటూ వాటి దగ్గరికే చేరాడు. ఆ తర్వాత మళ్లీ చదివితే మధ్యలో ఒకటి పంటి కింద రాయిలా తగిలింది. ఎనభై ఒకటి. అది ప్రధాన సంఖ్య కాదు, తొమ్మిది తొమ్మిదులు. మూడో తరగతి పిల్లలకి కూడా తెలుసు.

పెదనాన్న పొరపాటు పడ్డాడు అనుకుంది. నిజం చెప్పాలంటే ఆ అనుకోవడంలో కొంచెం సంతోషం కూడా ఉంది. కాలేజీలో అంత తలవంపు పడ్డాక, ఎక్కడో ఒకచోట ఒకరి తప్పు దిద్దగలగడం హాయిగానే ఉంటుంది. పైగా ఇది ఆయనకి కానుక అవుతుందని కూడా అనుకుంది. జాబితాలోంచి ఎనభై ఒకటి తీసేసింది. మెత్తవాటిలో చేర్చాలంటే వరసలు కావాలి కాబట్టి కాలిక్యులేటర్ ముందేసుకుని ఒక మధ్యాహ్నమంతా కూర్చుంది. నలభైని ఎనభై ఒకటితో భాగిస్తే సున్నా పాయింట్ నాలుగు తొమ్మిది మూడు. ఇరవై మూడు వరసలో ఐదు రంధ్రాలు, ఇరవై తొమ్మిది వరసలో ఎనిమిది కలిపితే అదీ సున్నా పాయింట్ నాలుగు తొమ్మిది మూడు. మూడంకెలు సరిపోయాయి. నాలుగో అంకె చూడలేదు. శుభ్రంగా గీత గీసి, గుండ్రటి అక్షరాలతో కొత్త నోటుబుక్కులో రాసేసింది.

ఇంకొకటి కూడా వదిలేసింది. పాత పుస్తకంలో అక్కడక్కడా అంచున ‘ఎ’ అని చిన్న అక్షరం ఉంది. ఎనభై ఒకటి పక్కన కూడా ఉంది. హ్యాండిల్ ఎడమకి తిప్పమని గుర్తేమో అనుకుంది. కొన్నిచోట్ల ఎడమ అనేదానికి అర్థమే కుదరలేదు. పని లేని గీతలనుకుని వాటిని ఎత్తి రాయలేదు.

నోటుబుక్కు మిల్లింగావిడ చేతికి, పాత పుస్తకం షెడ్డులో అరలోకి వెళ్లాయి. వారం తిరక్కుండానే సబ్బుల ఫ్యాక్టరీ వాళ్ల ప్యాకింగ్ మిషను చక్రం విరిగి, అచ్చం అలాంటిదే కావాలని పని వచ్చింది. పళ్లు ఎనభై ఒకటి.

శుక్రవారం మధ్యాహ్నం ఓనరు ఫోను చేశాడు. మేస్త్రీగారూ, చక్రం పాడైంది, కళ్లు ఎలా ఉన్నా ఒక్కసారి రండి అన్నాడు. పెద్దమ్మ నల్ల కళ్లద్దాలు పెట్టి, దుమ్ములో ఎక్కువసేపు నిలబడనివ్వకని చెప్పి ఎందుకుని తోడు పంపింది. ఎలాగూ కాలేజీకి అటే వెళ్లాలి. సంతకం పెట్టిన ఫారం ఆమె సంచిలోనే ఉంది.

షెడ్డులో మిల్లింగావిడ చక్రాన్ని బల్ల మీద పెట్టుకుని మొహం వాడిపోయి కూర్చుంది. చక్రం చూడ్డానికి బాగుంది. పెదనాన్న చూడలేదు, వేలితో తడిమాడు. ఒక్కో పన్నూ దాటించుకుంటూ చుట్టూ వచ్చి, చివరి పన్ను దగ్గర ఆగాడు. అది మిగతావాటికంటే అర మిల్లీమీటరు పైనే లావుగా ఉంది. అంత లావు పన్ను ఎదుటి చక్రంలో పట్టదు. రంధ్రాలు లెక్కపెట్టడంలో ఈవిడే తప్పింది, నోటుబుక్కులో తప్పుండే ప్రసక్తే లేదు, మేస్త్రీగారి లెక్క నలభై ఏళ్లలో ఒక్కసారీ తప్పలేదు అన్నాడు ఓనరు. మిల్లింగావిడ తాను ప్రతిసారీ రెండేసి సార్లు లెక్కపెట్టానని మెల్లిగా చెప్పింది. నోటుబుక్కులో ఏముంటే అదే చేశానంది.

ఎనభై ఒకటికి నోటుబుక్కులో వరసలెక్కడివి అని పెదనాన్న అడిగాడు.

ఎందుకుకి తను రాసిన వరసలు గుర్తొచ్చాయి. ఒక్క క్షణం ఊరుకుంటే ఎవరికీ తెలియదన్న ఆలోచన కూడా వచ్చింది. కానీ మిల్లింగావిడ చేతులు ఒళ్లో ముడుచుకుని కూర్చున్న తీరు చూశాక ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు.

“ఆవిడ తప్పు కాదు పెదనాన్నా. నేనే మార్చాను. నువ్వు పొరపాటు పడ్డావనుకున్నాను.”

ఓనరు ఏదో అనబోతే పెదనాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తిట్టలేదు, ముందు మిల్లింగావిడతో నీ పని బాగుందమ్మా, ఎనభై పళ్లు అచ్చు గుద్దినట్టున్నాయి అన్నాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంది. తర్వాత ‘ఎందుకు’ వైపు తిరిగాడు.

పొరపాటని తనకీ అనిపించేదని, తొమ్మిది తొమ్మిదులు కదా, లొంగి తీరాలి కదా అని మూడుసార్లు మూడు చక్రాలు చెడగొట్టానని చెప్పాడు. ఒకసారి సన్న పన్ను, రెండుసార్లు లావు పన్ను. మూడు, పదిహేడు కలిసి యాభై ఒకటిని లొంగదీస్తాయి. ఏడు, పదమూడు కలిసి తొంభై ఒకటిని లొంగదీస్తాయి. తొమ్మిదీ తొమ్మిదీ మాత్రం ఎనభై ఒకటిని ఏమీ చేయలేవు.

“కుదరదని తెలుసు. ఎందుకు కుదరదో నలభై ఏళ్ల నుంచీ తెలియదు. నువ్వు చూడు.”

క్లాసులో ఇంతవరకూ ఆమెని ఎవరూ అడగని ప్రశ్న అది. ఎంత అని కాదు, ఎందుకు అని. రాసుకోవడానికి కాగితం కోసం సంచిలో చెయ్యి పెడితే చేతికొచ్చింది ఫారం. వెనకవైపు ఖాళీగా ఉంది. అక్కడే బల్ల మీద, లావు పన్ను చక్రం పక్కన, మొదలుపెట్టింది. ముందు యాభై ఒకటి రాసింది. దాని కింద ఎనభై ఒకటి. కొట్టేసింది, మళ్లీ రాసింది. ఓనరు టీ తెప్పించాడు, అది చల్లారిపోయింది. మిల్లింగావిడ ఆమె భుజం మీదుగా చూస్తూ నిలబడింది. చాలాసేపటికి ఆమె పెన్ను ఆగింది. తర్వాత తనలో తనే నవ్వుకుంది. ఇంత చిన్నదా అని.

“హ్యాండిల్ చుట్టుని ఎనభై ఒక్క ముక్కలనుకో పెదనాన్నా. మనకి నలభై ముక్కలు తిరగాలి. నీ ఇరవై ఏడు వరసలో ఒక రంధ్రం అంటే మూడు ముక్కలు. తొమ్మిదో వంతు తిప్పితే తొమ్మిది ముక్కలు. మూడో వంతయితే ఇరవై ఏడు. అన్నీ మూడో ఎక్కంలోవే. మూడేసి అడుగులు వేసేవాడు ముప్పై తొమ్మిది దగ్గర ఆగుతాడు, లేకపోతే నలభై రెండు దగ్గర. ముందుకి నడిచినా వెనక్కి నడిచినా నలభై మీద కాలు పెట్టలేడు.”

“నువ్వు రాసిన ఇరవై మూడు, ఇరవై తొమ్మిదో?”

“వాటికీ ఎనభై ఒకటికీ చుట్టరికం లేదు. దగ్గరగా తీసుకెళ్తాయి, చేర్చలేవు. ఒక్కో పన్ను దగ్గర వెంట్రుకంత తేడా. ఎనభై ఒక్క వెంట్రుకలూ చివరి పన్ను మీద పడ్డాయి.”

“మరి యాభై ఒకటి?”

“అక్కడ మూడేసి అడుగులూ ఉన్నాయి, పదిహేడేసి అడుగులూ ఉన్నాయి. రెండు మూళ్లు ఆరు, రెండు పదిహేళ్లు ముప్పై నాలుగు.”

“నలభై,” అన్నాడు పెదనాన్న.

నల్ల కళ్లద్దాలు తీసేశాడు. పెద్దమ్మ చూస్తే ఇల్లు పీకి పందిరేసేది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఆపరేషన్ వల్లనని చెప్పుకోవడానికి వీల్లేదు, ఆపరేషన్ కాని కంట్లో కూడా తిరిగాయి. తొమ్మిదికి తోడు తొమ్మిదే వస్తే కొత్తగా తెచ్చేదేం లేదన్నమాట, వేరేవాడు రావాలన్నమాట అని తనకి తాను రెండుమూడు సార్లు చెప్పుకున్నాడు. నలభై ఏళ్లు మోసిన మూట దింపావమ్మా అన్నాడు. ఆ కాగితం తనకిమ్మని చెయ్యి చాచాడు.

ఇవ్వడానికి వీల్లేదని, అది ఇవాళ కాలేజీలో ఇవ్వాల్సిందని ఆమె తడబడింది. ఆయన కాగితం తిరగేసి చెయ్యి దూరంగా పెట్టి, మంచి కన్ను చికిలించి పైన పెద్దక్షరాలు చదివాడు. కోర్సు మార్పిడి. కింద తమ్ముడి సంతకం.

లెక్కలు మానేస్తున్నావా అని అడిగాడు. మార్కులు రావట్లేదని, ఎందుకని అడిగితే అడగొద్దంటున్నారని, తన బుర్ర దానికి పనికిరాదని ఆమె ఒక్క గుక్కలో చెప్పేసింది. ఆయన వద్దనలేదు, నీతులు చెప్పలేదు. అరలోంచి తన పాత పుస్తకం తెమ్మని మిల్లింగావిడని అడిగాడు. కొత్త నోటుబుక్కు కూడా తెమ్మన్నాడు. రెండూ పక్కపక్కన పెట్టించి, ఎనభై ఒకటి పేజీ తీయించి, అంచున వేలు పెట్టి, ఇక్కడున్న ఎ కొత్తదాంట్లో ఏది అన్నాడు.

ఎడమ అనుకున్నాను, అర్థం కాక వదిలేశాను అంది.

“ఎడమేంటే. ఎందుకు అని.”

ఆమెకి అప్పటికీ అర్థం కాలేదు. ప్రశ్న అనుకుంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“ప్రశ్న కాదు, నువ్వు. ముప్పై ఏడు పళ్ల గురించి అడిగావు చూడు, ఆ రోజు పెట్టాను నీకా పేరు. ఆ సాయంత్రమే కూర్చుని, నాకు అర్థం కానివన్నీ వెతికి ఎ పెట్టుకున్నాను. ఈ పిల్ల పెద్దదయ్యాక అడగాలని. తర్వాత వచ్చినవాటికీ పెడుతూ వచ్చాను. పద్నాలుగున్నాయి. ఇప్పుడివన్నీ ఎవర్నడగను?”

‘ఎందుకు’ పాత పుస్తకాన్ని ముందుకి లాక్కుని పేజీలు తిప్పింది. ముప్పై ఏడు దగ్గర ఒక ఎ. ఇరవై నాలుగుకి, ముప్పై ఆరుకి కుదరనిది ముప్పై ఏడుకి ఎలా కుదిరింది? అరవై మూడు దగ్గర ఒక ఎ. తొమ్మిదో వంతులు ఏడు ముందుకి తిప్పి, ఏడో వంతు ఒకటి వెనక్కి తిప్పితే ఎందుకు కుదురుతుంది? యాభై ఒకటి, తొంభై ఒకటి, తొంభై తొమ్మిది మూడిటినీ కలిపి ఒక గీత, గీత చివర ఒక ఎ. మూడింటికీ ఇందులో రెండు పాళ్లు, అందులో రెండు పాళ్లు, ఎప్పుడూ రెండు రెండే, ఏంటిది? చెరిగిపోయిన పెన్సిలు అక్షరాలు. తను లెక్కలకి పనికిరాదని లోకం అనుకోకముందే, తనకి పదమూడు ఎక్కం కూడా రాకముందే, ఒక మనిషి తన కోసం ప్రశ్నలు దాచిపెట్టాడు. ఆమెకి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

కళ్లు తుడుచుకున్నాక మూడో ఎకి జవాబు అక్కడే చెప్పేసింది. మూడూ పదిహేడూ ఇరవై, ఏడూ పదమూడూ ఇరవై, తొమ్మిదీ పదకొండూ ఇరవై. రెండేసి వేస్తే నలభై. పక్కనే నిలబడ్డ ఓనరు, ఓరి, ఇదా అన్నాడు. పెదనాన్న బల్ల మీద అరచేత్తో ఒక్క దెబ్బ వేసి నవ్వాడు. ఐదు ఎప్పుడు దాటిందో ఎవరూ చూడలేదు.

ఫారం ఆ రోజే పాత పుస్తకంలోకి చేరింది, ఎనభై ఒకటి పేజీలో, జవాబు వైపు పైకి పెట్టి. సబ్బుల చక్రం పెద్ద ఫ్యాక్టరీలో కోయించారు. ఇంటికెళ్లాక వాళ్ల నాన్న మళ్లీ రెండు రోజులు గొణిగాడు, ఈసారి సంతకం వృథా అయినందుకు. ఆ తర్వాత అంతా సాఫీగా సాగిందని కాదు. ఆ పేపరు ఇంకోసారి తప్పింది. లెక్చరర్ మారలేదు, సిలబస్ మారలేదు. ఆమె మాత్రం క్లాసులో చెప్పే ప్రతి సూత్రాన్నీ పుస్తకంలో ఏ ఎకి సరిపోతుందా అని చూసుకుంటూ వినేది. అలా వింటే బట్టీ పట్టాల్సిన అవసరం రాలేదు. ఆదివారాలు పెదనాన్న ఇంటికి వెళ్లి ఒక్కో ఎ విప్పేది. కొన్ని వారంలో తేలాయి, ఒకదానికైతే రెండేళ్లు పట్టింది. తేలినప్పుడల్లా పెద్దమ్మ ఇద్దరికీ టీ ఇచ్చి, మీ ఇద్దరికీ ఏం దొరికిందో గానీ మొహాలు వెలిగిపోతున్నాయి అనేది.

ఇప్పుడామె కాలేజీలో సంఖ్యా సిద్ధాంతం చెబుతుంది. బల్ల మీద కాగితాలు ఎగరకుండా లావు పన్ను చక్రం ఉంటుంది. ఓనరు తుక్కులో వేయబోతే అడిగి తెచ్చుకుంది. విద్యార్థులు మొదటిరోజే దాన్ని తిప్పి చూసి, మేడమ్, ఈ ఒక్కటి లావుగా ఎందుకుంది అంటారు. పాఠం అక్కడ మొదలవుతుంది. తన దగ్గర ఏదైనా మంచి అంటూ ఉంటే అది ఆ షెడ్డులో ఒకాయన తెలియదు అని చెప్పగలగడం వల్ల వచ్చిందని వాళ్లకి దాచకుండా చెబుతుంది.

పద్నాలుగులో పదమూడు తేలాయి. చివరిది మొండివాటి పేజీ అడుగున ఉంది. ఎనభై ఒకటి లొంగకపోయినా ప్రధాన సంఖ్య కాదు, దొంగ మొండిది అని ఆమె తేల్చాక, మిగిలినవాటిలో కొన్ని జంటలుగా వస్తున్నాయని పెదనాన్న ఎప్పుడో గుర్తుపెట్టుకున్నది బాగా బయటపడింది. యాభై తొమ్మిది, అరవై ఒకటి. డెబ్భై ఒకటి, డెబ్భై మూడు. నూట ఒకటి, నూట మూడు. నూట ఏడు, నూట తొమ్మిది. ఈ జంటలు ఎక్కడైనా ఆగిపోతాయా, ఇలా వస్తూనే ఉంటాయా? పక్కన ఎ.

మొన్న ఆదివారం ఆయన మళ్లీ అడిగాడు. డెబ్భై ఆరో ఏడు నడుస్తోంది, పక్క పన్ను కూడా ఊడింది. ఈ పిల్ల తప్పించుకు తిరుగుతోందని ఆయన అనుమానం. అప్పుడామె చెప్పింది, ఆ ప్రశ్న చాలా పాతదని, ఎందరో గొప్పవాళ్లు జీవితాలు పెట్టారని, ఆగవనే అందరి నమ్మకం గానీ, ఎందుకో ఇంతవరకూ ఎవరూ నిరూపించలేకపోయారని.

“ఎవరూనా?”

“ఎవరూ పెదనాన్నా.”

ఆయన పేజీలో ఆ జంటల మీద ఒక్కొక్కటిగా వేలు పెట్టి తడిమాడు. ఎనిమిదో తరగతి దగ్గర ఆగిపోయిన మనిషి.

“అయితే నేను అడిగింది మంచి ప్రశ్నేనన్నమాట.”

తాను విన్నవాటిలో ఇంతకంటే మంచి ప్రశ్న లేదని ఆమె చెప్పింది, అది ఆయన్ని మెప్పించడానికి చెప్పిన మాట కాదు. ఆయన పెన్సిలు తెమ్మన్నాడు. భూతద్దం పెట్టుకుని, ఆ చివరి ఎ పక్కన ఇంకో మూడక్షరాలు చేర్చాడు. ఎవరైనా. ఈ ఎ ఇక నీ ఒక్కదానిదే కాదమ్మా, రేపు క్లాసులో పిల్లలకి ఇచ్చెయ్యి అన్నాడు. ఆమె పుస్తకం సంచిలో పెట్టుకుంది.